సెల్లార్ తవ్వకం మధ్యలో వాన పడి ఎర్రనీళ్ళన్నీ గల్లీ మోరీలోకి పోయాయి. ఆపడం ఎలా, పర్మిషన్లు ఏమేం కావాలి?

కాజీపేట_సివిల్:

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ఒక అపార్ట్‌మెంట్ పనికి సైట్ ఇంజనీర్‌ని, ఈ లైన్‌లోకి వచ్చి మూడేళ్ళు అవుతోంది. స్థలం ఎకరంన్నర, సెల్లార్‌తో కలిపి బిల్టప్ ఏరియా సుమారు 1,60,000 చదరపు అడుగులు. మే చివర్లో సెల్లార్ తవ్వకం మొదలుపెట్టాం. మూడున్నర మీటర్ల లోతు, కింద కొంచెం మొరం, పైనంతా ఎర్రమట్టి. టిప్పర్లు సరిగ్గా దొరకక తవ్విన మట్టిలో సగం రోడ్డు వైపు కాంపౌండ్ పక్కనే కుప్ప పోయించాను. అక్కడే పోయమని చెప్పింది నేనే.

మొన్న రాత్రి గంటన్నర సేపు గట్టి వాన పడింది. పొద్దున ఆరింటికి వెళ్ళేసరికి కుప్పలో మూడోవంతు గేటు కింద నుంచి జారి గల్లీలోకి పోయింది, గుంతలో నడుముల్లోతు నీళ్ళు. స్లాబ్ షెడ్యూల్ టెన్షన్‌లో మేస్త్రీ పంపు పెడతానంటే సరే అన్నాను. నాలుగు గంటలు పంపు నడిచింది, ఆ ఎర్రనీళ్ళన్నీ నేరుగా మోరీలోకే పోయాయి. మధ్యాహ్నానికి కింద నాలుగో ఇంటి దగ్గర మోరీ నిండి పైకి పొర్లింది. ఆ ఇంటి పెద్దాయన గడప ముందు దోసెల పిండంత చిక్కగా మట్టి పేరుకుపోతే, వాళ్ళ కోడలు చీపురుతో తోయలేక రేకు ముక్కతో గీకి బకెట్‌లో ఎత్తిపోస్తోంది. నేను వెళ్ళి సారీ చెప్పాను. ఆయన తిట్టలేదు. "బాబూ, ఈ మోరీ ఎక్కడికి పోతదో తెలుసా నీకు?" అని మాత్రం అడిగాడు. నిజంగానే నాకు తెలియదు.

మా ఓనర్ గారి బంధువు ఒకాయన డాలస్‌లో ఉంటారు. ఫోన్‌లో విషయం విని, అక్కడైతే మట్టి కదపడానికి ముందే వాననీళ్ళ మీద ఒక ప్లాన్ రాసి సైట్‌లో పెట్టాలి, లేకపోతే భారీ ఫైన్లు అన్నారట. ఇప్పుడు ఓనర్ నన్ను అడుగుతున్నారు, మన దగ్గర అలాంటి పర్మిషన్ ఏదైనా ఉందా, మనం తీసుకోకుండా వదిలేశామా అని. బిల్డింగ్ పర్మిషన్ అయితే ఉంది. పక్క స్థలం కూడా కొని ఇంకో 70,000 చదరపు అడుగుల బ్లాక్ వేద్దామనుకుంటున్నారు. రూల్స్ తెలిసినవాళ్ళు చెప్పండి. దానికంటే ముందు, వచ్చే వానకి ఈ మట్టిని ఎలా ఆపాలో చెప్పండి, ఇంకా జూన్ కూడా అయిపోలేదు.

రిటైర్డ్_డీఈ:

తమ్మీ, పని ముందు చెప్తాను, కాగితాలు తర్వాత.

ఈరోజే ఆ కుప్పను అక్కడి నుంచి తీయించు. మోరీ సంగతి అటుంచు, గుంత అంచుకు దగ్గరగా మట్టి పోస్తే ఆ బరువుకి, వాన తడికి అంచు విరిగి కింద పనిచేసేవాళ్ళ మీద పడుతుంది. నా సర్వీసులో అలాంటిది ఒకసారి కళ్ళారా చూశాను, మళ్ళీ చూడదలచుకోలేదు. తీయలేని మట్టిని సైట్ మధ్యకు, గుంతకూ మోరీకీ దూరంగా జరిపి, జేసీబీ బకెట్‌తో వాలు తగ్గించి అణగ్గొట్టించు. పైన టార్పాలిన్ కప్పి, చుట్టూ రెండు వరుసల ఇసుక బస్తాలు పేర్చు. ఖాళీ సిమెంటు బస్తాల్లో ఆ మట్టే నింపినా చాలు.

రెండోది, చాలామంది మరిచిపోయేది. బయటి నీళ్ళను లోపలికి రానీయకు. మీ సైట్‌కి ఎగువన రోడ్డు మీద పడ్డ వానలో మట్టి ఉండదు. అది మీ గేటులోంచి లోపలికి వచ్చి, మీ మట్టిని తొక్కుకుంటూ బయటికి పోతేనే బురద. ఎగువ వైపు అడుగున్నర ఎత్తు గట్టు వేసి ఆ నీళ్ళను పక్కనుంచి పంపేస్తే, మీరు చూసుకోవాల్సింది మీ ఎకరంన్నరలో పడ్డ వాన ఒక్కటే. అదీ తక్కువేమీ కాదు. 25 మిల్లీమీటర్ల వానకి ఎకరంన్నరలో పడేది లక్షన్నర లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 30.

ఇక పర్మిషన్లు. డాలస్ ఆయన చెప్పినట్టు ఒక్క వాననీళ్ళ కోసమే విడిగా ఒక పర్మిట్ మన దగ్గర ఉండదు, అది వేర్వేరు చోట్ల చెల్లాచెదురుగా ఉంటుంది. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం బిల్టప్ ఏరియా 20,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 2,15,000 చదరపు అడుగులు, ఉన్నా దాటినా పని మొదలుపెట్టక ముందే పర్యావరణ అనుమతి తీసుకోవాలి. పీసీబీ, అంటే కాలుష్య నియంత్రణ మండలి, నుంచి కట్టడానికి ముందు తీసుకునే కన్సెంట్ ఫర్ ఎస్టాబ్లిష్‌మెంట్ దానికి అదనం. మీది ఇప్పుడు 15,000 చదరపు మీటర్ల లోపే, కాబట్టి అందులోకి రాదు. కానీ పక్క బ్లాక్ కలిస్తే 21,000 దాటుతుంది. ఒకే గేటు, ఒకే సెల్లార్ ర్యాంపు, ఒకే పేరుతో అమ్మకాలు పెట్టుకుని కాగితం మీద మాత్రం రెండు ప్రాజెక్టులని చూపిస్తే రేపు అది మీ మెడకే చుట్టుకుంటుంది. ఇప్పుడే ఓనర్ గారికి చెప్పు, ఫౌండేషన్ లేచాక చెబితే ఎవరూ వినరు.

ఆ నోటిఫికేషన్‌తో వచ్చే దరఖాస్తు, ఫారం 1ఏ, ఒకసారి తెరిచి చదువు. నిర్మాణ పనుల నుంచి పారే నీళ్ళు భూమినీ భూగర్భజలాలనీ పాడుచేయకుండా ఏం చేస్తారు, సైట్‌లోని వాననీళ్ళను ఎలా మళ్ళిస్తారు, లెవెల్స్‌తో సహా లేఅవుట్ చూపండి అని స్పష్టంగా అడుగుతుంది. ప్రశ్న మన చట్టంలోనూ ఉంది తమ్మీ. జవాబు రాసేవాళ్ళు మాత్రం పాత ఫైల్ నుంచి ఎత్తి అతికిస్తున్నారు, ఆ జవాబు సైట్ దాకా రాదు.

2026 మార్చి దాకా జరిగే పనికి వర్తించేది 2016 నాటి నిర్మాణ, కూల్చివేత వ్యర్థాల నియమాలు. రోజుకి 20 టన్నులు గానీ, ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులు గానీ దాటి వ్యర్థాలు వచ్చేవాళ్ళు పనికి ముందే ప్లాన్ ఇచ్చి కార్పొరేషన్ ఆమోదం తీసుకోవాలి. వేరుచేసి పెట్టాల్సిన వాటిలో కాంక్రీటు, స్టీలుతోపాటు మట్టిని కూడా రాశారు. మీ సెల్లార్ 2,800 చదరపు మీటర్లు అనుకున్నా మట్టి 9,800 ఘనమీటర్లు, టన్నుల్లో 14,000 దాటుతుంది. మోరీకి, రాకపోకలకి అడ్డం పడేలా వేయకూడదని కూడా అందులోనే ఉంది. మొన్న మీ దగ్గర జరిగింది సరిగ్గా అదే. 2025లో కొత్త నియమాలు వచ్చాయి, వాటి అమలు 2026 ఏప్రిల్ 1 నుంచి, రెండో బ్లాక్‌కి అవే వర్తిస్తాయి.

ఇంకొకటి, మీ పక్కన నాలా గానీ కుంట గానీ ఉంటే 2012 నాటి జీవో 168 చూసుకోండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి అంచు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, పది మీటర్ల వెడల్పు దాటిన నాలాకి 9, అంతకు లోపు నాలాకి 2 మీటర్లు వదలాలి. అలా వదిలిన ఆ బఫర్‌లో బిల్డింగ్ కట్టం కదా అని మట్టి కుప్పలు పోసేవాళ్ళున్నారు, మొదటి వానకే అది నాలాలో ఉంటుంది.

డాలస్_జనగామ:

ఆ బంధువు నేను కాదు కానీ నేనూ డాలస్ పక్కనే ఉంటాను, ఊరు జనగామ. తొమ్మిదేళ్ళుగా సైట్ల మీద వాననీళ్ళ ఇన్‌స్పెక్షన్లే నా పని, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ దాన్ని స్టార్మ్‌వాటర్ పొల్యూషన్ ప్రివెన్షన్ ప్లాన్ అంటారు, పొట్టిగా స్విప్. క్లీన్ వాటర్ యాక్ట్ కింద ఒక ఎకరం, ఆపైన నేల కదిపే ఏ పనికైనా పర్మిట్ కవరేజీ ఉండాలి. మొదట 1990లో వచ్చిన రూల్ ఐదెకరాల నుంచి ఉండేది, 2003 నుంచి ఎకరానికి దించారు. మీ స్థలం అర ఎకరమే అయినా అది పెద్ద వెంచర్‌లో ముక్క అయితే మొత్తం వెంచర్‌నే లెక్కలోకి తీసుకుంటారు. డీఈ సార్ రెండో బ్లాక్ గురించి చెప్పింది కూడా ఇదే ఆలోచన. టెక్సస్‌లో ఒకటి నుంచి ఐదెకరాల లోపు అయితే ప్లాన్ రాసుకుని, సంతకం చేసిన నోటీసు సైట్ దగ్గర అందరికీ కనబడేలా పెడితే సరిపోతుంది. ఐదెకరాలు, ఆపైన అయితే రాష్ట్ర పర్యావరణ సంస్థకి ముందే నోటీస్ ఆఫ్ ఇంటెంట్ పంపి ఫీజు కట్టాలి. పనంతా అయ్యి గడ్డి మొలిచి నేల కప్పుకున్నాకే, కనీసం 70 శాతం కప్పాలి, పర్మిట్ మూసేయమని అడగొచ్చు. అప్పటిదాకా బాధ్యత మీదే.

ప్లాన్‌లో ఏముంటుందో చెబితే ఇంతేనా అనిపిస్తుంది. ఒక మ్యాప్, దాని మీద వాలు ఎటు, నీళ్ళు ఏయే చోట సైట్ దాటి బయటికి పోతాయి, అవి చివరికి ఏ వాగులో, ఏ చెరువులో కలుస్తాయి. మట్టి కుప్పలెక్కడ, డీజిల్ ఎక్కడ, కాంక్రీటు బండ్లు ఎక్కడ కడుగుతారు, ఏ పని ఏ వరుసలో. ఆ పెద్దాయన అడిగిన "మోరీ ఎక్కడికి పోతదో తెలుసా" అనే మాట మా ఫారంలో మొదటి పేజీలో ఉండే ప్రశ్నే. తర్వాత ఫెడరల్ పర్మిట్ అయితే వారానికి ఒకసారి, లేదంటే రెండు వారాలకోసారి ప్లస్ పావు అంగుళం వాన పడ్డ 24 గంటల్లోపు తిరిగి చూసి రాసుకోవాలి. అందుకే ప్రతి సైట్‌లో ఒక కర్రకి వానగేజీ కట్టి ఉంటుంది.

ఇప్పుడు మీకు పనికొచ్చేవి. సిల్ట్ ఫెన్స్ అని గుడ్డ కంచె కడతారు, దాన్ని అందరూ తప్పుగానే కడతారు. నేను చేరిన మొదటి నెలలో మూడువందల అడుగుల కంచె కట్టించి గొప్పగా నిలబడ్డాను. మా సీనియర్ వచ్చి వంగి అడుగు అంచును రెండు వేళ్ళతో లాగితే గుడ్డ మొత్తం పైకి వచ్చేసింది. కింద ఆరంగుళాల గాడి తీసి, గుడ్డను అందులోకి దించి, మట్టి వేసి తొక్కాలి, లేకపోతే నీళ్ళు కింద నుంచే పోతాయి. కర్రలు పల్లం వైపు ఉండాలి, గుడ్డ ఎగువ వైపు. చివర్లు కొంచెం పైకి వంచాలి, లేకపోతే నీళ్ళు పక్కనుంచి తిరిగిపోతాయి. బిల్డింగ్‌కి కట్టే గ్రీన్ నెట్ దీనికి పనికిరాదు, కన్నాలు పెద్దవి. రోడ్డు పనులకి వాడే జియోటెక్స్‌టైల్ గుడ్డ అడగండి. కాలువలా జోరుగా పారే చోట మాత్రం ఈ కంచె నిలబడదు, పలచగా పరుచుకుని వచ్చే నీళ్ళకే పెట్టాలి.

నీళ్ళు నిలబెట్టే గుంతకి మా లెక్క, ఎకరాకి 3,600 ఘనపుటడుగులు. దాదాపు ఒక అంగుళం వాన మొత్తం పట్టేంత అన్నమాట. మీకు వేరే చెరువు తవ్వే జాగా లేదు, కానీ సెల్లార్ గుంతే అంతకంటే పెద్దది. నీళ్ళు గుంతలో ఉన్నంతసేపు ఎవరికీ నష్టం లేదు, పంపు వేసిన క్షణం నుంచే సమస్య. ఒక మూలన సంపు తీయండి, అడుగున కంకర వేయండి, వాన ఆగాక కనీసం ఒక పూట తేరనివ్వండి. పంపు సక్షన్ పైపు అడుగుకి ఆనించకండి, ఒక ఖాళీ 20 లీటర్ల క్యాన్‌కి కట్టి నీళ్ళ మీద తేలేలా చేయండి, పైన తేరిన నీళ్ళే వస్తాయి. అక్కడి నుంచి ఇంకో చిన్న తేటగుంటలోకి, దాన్నుంచి పొర్లినవి మోరీకి.

గేటు దగ్గర 50 అడుగుల పొడవున పెద్ద సైజు కంకర పరిస్తే టిప్పర్ టైర్లకి అంటిన మట్టి అక్కడే రాలుతుంది. రెడీమిక్స్ బండ్లు వచ్చినప్పుడు డ్రైవర్లు చూట్ (కాంక్రీటు జారే తొట్టి) కడిగే నీళ్ళు అస్సలు మోరీలోకి పోనీయకండి. సిమెంటు నీళ్ళు సున్నం నీళ్ళంత ఘాటు, పీహెచ్ 12 దాకా ఉంటుంది, చెరువులో చేపకి అది చాలు. గుంత తీసి ప్లాస్టిక్ షీట్ పరిచి అందులో కడిగించండి, ఆరాక గడ్డ ఎత్తిపారేయొచ్చు.

హంటర్‌రోడ్_అక్క:

నేను ఇంజనీర్‌ని కాదు, హంటర్ రోడ్డు వైపు పల్లపు కాలనీలో ఉంటాను. మీ మోరీ ఎక్కడికి పోతదో నేను చెప్తా. మోరీ నాలాలోకి, నాలా చెరువులోకో బొందివాగులోకో, అక్కడ పట్టకపోతే మా ఇండ్లలోకి.

2020 ఆగస్టులో నీళ్ళొచ్చాయి, 2023 జూలైలో మళ్ళీ వచ్చాయి. రెండోసారి మేం పిల్లల పుస్తకాలు, బియ్యం సంచి మాత్రమే పైకి ఎక్కించగలిగాం. అంత వాన పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు, ఆ జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649 మిల్లీమీటర్లు పడింది, ఒప్పుకుంటాను. మీ ఒక్క సైట్ వల్ల వరద వచ్చిందని నేను అనను. కానీ నీళ్ళు దిగిపోయాక ఇంట్లో మిగిలింది నీళ్ళు కాదు తమ్ముడూ, మట్టి. ఫ్రిజ్ వెనక, బీరువా అడుగున, కుట్టు మెషీన్ పళ్ళ మధ్య, ఆరునెలల తర్వాత కూడా గీకితే ఎర్రగా వచ్చేది. అంతకుముందు ఏడాది మా వీధి చివర మోరీ మూత తీసి పూడిక తీస్తుంటే చూశాను, నాలుగడుగుల లోతు మోరీలో మూడడుగులు గట్టిపడిన మట్టే, మధ్యలో కంకర, సిమెంటు గడ్డలు. మోరీలో మిగిలింది ఒక్క అడుగు. ఆ మట్టి ఇండ్లల్లో వంటపాత్రలు కడిగితే వచ్చింది కాదు కదా.

భద్రకాళి చెరువునే చూడండి. పూడిక తీయడానికి 2024 నవంబర్‌లో చెరువు మొత్తం ఖాళీ చేయాల్సి వచ్చింది. కాకతీయులు గొలుసుకట్టు చెరువులు కట్టి ఎనిమిది వందల ఏళ్ళు దాటింది, ఆ నీళ్ళు మన ఊళ్ళు ఇంకా వాడుకుంటున్నాయి. పూడిక తీయడానికి ప్రభుత్వం కోట్లు ఖర్చుపెడుతుంటే, పై నుంచి మనమే టిప్పర్ల కొద్దీ మళ్ళీ పంపుతున్నాం.

నువ్వు వెళ్ళి ఆ పెద్దాయనకి సారీ చెప్పావు, అది మంచి పని. మా దగ్గరికి ఏ సైట్ వాళ్ళూ రాలేదు. ఇంకొక్కటి చెయ్యి, మీ కూలీలను పెట్టి ఆ గల్లీ మోరీ చివరిదాకా మట్టి తీయించు, కడిగి వదిలేయకుండా ఎత్తి తీసుకుపో. కడిగితే అది మా దగ్గరికే వస్తుంది.

కాజీపేట_సివిల్:

మూడు వారాలయింది, ఏం చేశామో రాస్తానని అనుకున్నాను. అక్కా, మీరు చెప్పిన మర్నాడే ఆరుగురు కూలీలతో మోరీ తీయించాం. మా గేటు నుంచి 140 మీటర్లు, రెండున్నర ట్రాక్టర్ల మట్టి వచ్చింది. మోరీ వెంబడి చివరిదాకా నడిచాను, మూడు గల్లీలు తిరిగి నాలాలో కలుస్తోంది. పెద్దాయనకి వెళ్ళి చెప్పాను. టీ ఇచ్చారు.

కుప్ప తీసేశాం. ఎగువ గట్టు వేశాం, దాని ప్రభావం నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ, మొన్నటి వానకి గుంతలో నీళ్ళు సగానికి సగం తగ్గాయి. పంపు పైపు క్యాన్‌కి కట్టాం. బయట 6 మీటర్ల పొడవు, 3 వెడల్పు, 1.5 లోతు తేటగుంట తీసి మధ్యలో బస్తాల అడ్డుగోడ పెట్టాం. వానగేజీ కొని వాచ్‌మన్ గది మీద పెట్టించాను, పోయిన గురువారం 38 మిల్లీమీటర్లు చూపించింది. గేటు బయటికి మట్టి రాలేదు.

కానీ నీళ్ళు ఇంకా ఎర్రగానే పోతున్నాయి. చిక్కదనం లేదు, పాలు తక్కువేసిన టీ రంగు. సైట్ మట్టి గుప్పెడు రెండు లీటర్ల బాటిల్‌లో వేసి, నీళ్ళు పోసి, ఊపి కిటికీలో పెట్టి చూశాను. ఇసుక నిమిషంలో దిగింది. సాయంత్రానికి ఇంకో పొర దిగింది. మూడో రోజు పొద్దున కూడా పైన నీళ్ళు ఎర్రగానే ఉన్నాయి. దీనికి పటిక వేయొచ్చా? మా అమ్మమ్మ బిందెలో నీళ్ళు తేరడానికి చిల్లగింజ అరగదీసి వేసేది, అందుకే అడుగుతున్నాను.

రెండో బ్లాక్ సంగతి ఓనర్ గారికి ఫారం 1ఏ ప్రింట్ తీసి ఇచ్చాను. రెండూ కలిపే అప్లై చేద్దామన్నారు, పక్క స్థలంలో అనుమతి వచ్చేదాకా చిన్న గుంత కూడా తీయొద్దని మేస్త్రీకి ఆయనే చెప్పారు.

రిటైర్డ్_డీఈ:

బాటిల్ పరీక్ష చేశావు, సంతోషం. ఆ మిగిలింది బంకమట్టి. రేణువు మిల్లీమీటరులో వందో వంతు ఉంటే మీటరు లోతు దిగడానికి మూడు, నాలుగు గంటలు చాలు, వెయ్యో వంతు ఉంటే రెండు వారాలు పడుతుంది. మీ తేటగుంటలో నీళ్ళు అంతసేపు ఉండవు కదా.

పటిక పనిచేస్తుంది, మన నీళ్ళ ప్లాంట్లలో వాడేది అదే. కానీ ఎంత వేయాలో జాడీల్లో పరీక్ష చేసి తేల్చాలి. అంచనాతో బస్తా గుమ్మరిస్తే నీళ్ళు పుల్లబడి నాలాలో ఇంకో రకం నష్టం చేస్తాయి. డాలస్ తమ్ముడి దగ్గర కూడా మందు వేయాలంటే దానికి వేరే షరతులు ఉంటాయి. ముందు మందు లేకుండా అయ్యేది చూడు. నీళ్ళు బయటికి పంపాల్సిన అవసరం ఎంత? రోజూ టైర్లు కడగడానికి, దుమ్ము లేవకుండా చల్లడానికి, గట్లు తడిపి దిమ్మిస చేయడానికి ట్యాంకర్ నీళ్ళు కొంటున్నారు కదా, ఆ టీ రంగు నీళ్ళు వాటికి వాడు. కాంక్రీటులో మాత్రం కలపకు. మోరీలోకి పోయేది ఎంత తగ్గితే అంత మంచిది. మట్టి బయటపడి ఉన్న చోట, రెండు వారాలు పని లేదనుకుంటే వరిగడ్డి పరిచి తాళ్ళతో కట్టు, వాన చినుకు నేరుగా మట్టిని కొట్టకపోతే బంకమట్టి లేవడమే తక్కువ.

కాజీపేట_సివిల్:

ట్యాంకర్ మాట నాకు తట్టనేలేదు సార్, రోజుకి రెండు ట్యాంకర్లు కొంటున్నాం. రేపటి నుంచి టైర్లకి ఆ నీళ్ళే. వరిగడ్డికి ధర్మసాగర్ వైపు ఒకరితో మాట్లాడాను, ఆదివారం ఒక ట్రాక్టర్ వస్తుంది. తూర్పు గట్టు మీద ముందు పరుస్తాను, వాలు అక్కడే ఎక్కువ.